ఆల్‌రైట్ చెప్పేవాళ్ళు

మేం కొందరం కలిసి నడిపే చిన్న పనిముట్టు ఒకటుంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మారుస్తుంది. పత్రికాఫీసుల్లో, ప్రెస్సుల్లో, రచయితల బీరువాల్లో పాత సీడీల మీద పడివున్న తెలుగు కొండంత. అందుకని దీనికి గిరాకీ బాగానే ఉంది. జీతాల్లేవు, ఆఫీసు లేదు. కోడు మొత్తం అందరికీ కనపడేలా ఉంటుంది, ఎవరైనా మార్పు రాసి పంపొచ్చు. ఆ మార్పును చదివి బాగుందో లేదో చెప్పేవాడు రివ్యూయర్. దాన్ని అసలు కోడులో కలపడానికీ, కొత్త వెర్షన్ విడుదల చేయడానికీ హక్కున్నవాడు మెయింటైనర్. ఆమధ్య పని మా చేతుల్లో ఇమడక, ఇంకో ఇద్దరికి ఆ హక్కులిద్దామన్న మాట వచ్చింది. మాలో ఒకాయన ఆ రాత్రికే ఓ జాబితా తయారుచేశాడు. ఎవరు ఎన్ని మార్పులు రాశారు, ఎన్ని లైన్లు రాశారు. పెద్ద అంకె పైన, చిన్న అంకె కింద. మొదటి ఇద్దరికీ ఇచ్చేద్దాం, గొడవ ఉండదు అన్నాడు.

గొడవ ఉండదన్నది నిజమే. అంకెలతో ఎవరు గొడవ పడతారు? తెలుగువాళ్ళం నలుగురం చేరిన చోట మనవాడు, వాళ్ళవాడు అన్న లెక్క రాకుండా ఒక నిర్ణయం జరగడమే గగనం కాబట్టి, అంకెల మీద ఆయనకున్న మోజు నాకు అర్థమైంది. అయినా ఆ జాబితా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఇదంతా.

నేనుండేది గతౌరాలో. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు బయల్దేరితే వచ్చే మొదటి స్టేషను. ఆ తర్వాత జయరామ్‌నగర్, మొసళ్ళ పార్కున్న కోట్మీ సోనార్, అకల్తరా, అలా చాంపా దాకా. కోర్బా బొగ్గు మా ముందు నుంచి రాత్రనక పగలనక పోతూనే ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఈ లైను మీద పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బిలాస్‌పూర్ బుధవారీ బజారులో కొట్టువాడితో హిందీలో బేరమాడి, పక్కనున్న వదినగారితో 'ఈడు మరీ దోసేత్తన్నాడు' అని తెలుగులో చెప్పుకునే ఆడవాళ్ళు ఇప్పటికీ కనపడతారు. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. అంతకు ముందూ తర్వాతా ఈ ఊరికి రైలే తిండి పెట్టింది. నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. 2022 నుంచి ఆ ఉద్యోగం పేరు ట్రెయిన్ మేనేజర్. నాన్న మాత్రం ఆ పేరును లెక్కలోకి తీసుకోలేదు.

జాబితా సంగతి నాన్నకు చెప్పాను. కోడు అంటే ఆయనకు తెలీదు. రాసి పంపేవాళ్ళు చాలామంది, లోపలికి రానిచ్చేవాళ్ళు కొద్దిమంది, ఆ కొద్దిమందిని ఎంచాలి, అదీ సంగతి అన్నాను. ఎక్కువ రాసినవాళ్ళకే ఇద్దామంటున్నారు అని కూడా అన్నాను.

“ఎక్కువ కిలోమీటర్లు తోలినోడికి ఏ లైనైనా ఇచ్చేస్తారేటి?” అన్నాడు.

ఇవ్వరు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న లోకో పైలట్ అయినా సరే, తనకు కొత్తదైన సెక్షనులో నేరుగా బండి నడపకూడదు. ముందు ఆ దారి తెలిసినవాడి పక్కన ఇంజనులో తిరగాలి. సిగ్నల్ ఏ చెట్టు వెనకనుంచి కనపడుతుంది, ఎక్కడ ఎత్తు మొదలవుతుంది, ఎక్కడ వంపు తిరుగుతుంది, రాత్రిపూట ఏది ఎలా ఉంటుంది, అన్నీ చూసి, నాకీ దారి తెలిసింది అని రాసి సంతకం పెట్టాలి. ఇలా దారి నేర్చుకోవడాన్నే రైల్వేవాళ్ళు ఎల్లార్ అంటారు. నెలల తరబడి ఆ సెక్షనుకు పోకపోతే ఆ సంతకం చెల్లదు, మళ్ళీ తిరిగి నేర్చుకోవలసిందే. అంటే అక్కడ అర్హత మనిషి ఒక్కడికే అంటిపెట్టుకుని ఉండదు. ఆ మనిషికీ ఆ దారికీ కలిపి ఇస్తారు, గడువు పెట్టి ఇస్తారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. సిగ్నల్ కనపడగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ దాని రంగు పైకి పలకాలి. ఒకడు చూసి ఊరుకుంటే సరిపోదు, రెండోవాడి నోటి నుంచి కూడా అదే మాట రావాలి. బండి ఆగకుండా స్టేషను దాటిపోతుంటే స్టేషను సిబ్బంది బయటికొచ్చి నిలబడి దాన్ని తల నుంచి తోక దాకా చూస్తారు. వేడెక్కి పొగ కక్కుతున్న యాక్సిల్ ఉందా, వేలాడుతున్న గొలుసు ఉందా, తెరుచుకున్న తలుపు ఉందా. ఏమీ లేకపోతే పగలైతే పచ్చజెండా, రాత్రయితే పచ్చదీపం. ఇంజనులోంచీ, చివర గార్డు పెట్టెలోంచీ అదే జవాబు. దాన్నే ఆల్‌రైట్ చెప్పడం అంటారు. ఏదైనా తేడా కనపడితే ఎర్రది ఊపాలి, బండి ఎంత ఆలస్యంగా నడుస్తున్నా సరే. ఆ నిలబడ్డవాడు బండి నడపలేదు, సరుకు ఎక్కించలేదు. కిలోమీటర్ల లెక్కలో అతని పేరుండదు. కోడు రివ్యూ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను ఈ పచ్చదీపం సంగతే చెబుతాను.

ఇన్ని పద్ధతులున్న లైను మీదే, 2025 నవంబరు 4 సాయంత్రం, గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వెళ్తున్న మెమూ రైలు, మా గతౌరాకూ బిలాస్‌పూర్‌కూ మధ్య ఆగివున్న గూడ్సును వెనకనుంచి గుద్దింది. పది మందికి పైగా పోయారు. బండి నడుపుతున్న లోకో పైలట్ కూడా పోయాడు. ఆయన ప్రయాణికుల బండి నడపడానికి కావలసిన మానసిక సామర్థ్య పరీక్షలో నెగ్గలేదని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినట్టు ఆ తర్వాత పత్రికల్లో వచ్చింది. ఊళ్ళో టీ కొట్ల దగ్గర అప్పటికే తీర్పు అయిపోయింది: డ్రైవరు తప్పు. నాన్న ఆ తీర్పు వినలేక లేచి వచ్చేశాడు. “ఆ సీట్లో కూకోబెట్టింది ఎవుడో అడగరేటి?” అన్నాడు.

ఆ ప్రమాదం మీద నేను తీర్పు చెప్పను. చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఈ లైను పొడుగునా ఉన్నాయి. కానీ నాన్న అడిగిన ప్రశ్న మాత్రం నేను చేసే పనికి సూటిగా తగులుతుంది. సీట్లో కూర్చున్నవాడి గురించి ఎంతైనా మాట్లాడతాం. కూర్చోబెట్టే పద్ధతి గురించి ఎవరికీ ఆసక్తి ఉండదు.

సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ ప్రశ్న 2024 మార్చి 29న ప్రపంచమంతా ఒకేసారి అడిగింది. ఎక్స్‌జడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న సాధనం ఒకటి. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది, పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఫిన్లండ్‌కు చెందిన లాస్సె కోలిన్ అనే ఆయన దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చాడు. 2021లో జియా టాన్ అన్న పేరుతో ఒకరు వచ్చి మార్పులు పంపడం మొదలుపెట్టారు. మంచి మార్పులే. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు తోడొచ్చాయి. అవి కోడు రాయలేదు. పని నత్తనడక నడుస్తోంది, ఇంకొకరికి పగ్గాలిచ్చేయవచ్చుగా అని కోలిన్‌ను పొడవడమే వాటి పని. ఆయన తన మనసు కొంతకాలంగా బాగోలేదనీ, ఇది జీతంలేని పని అనీ చెప్పుకున్నాడు. ఆ మాటకు జవాబుగా వచ్చింది మరింత ఒత్తిడే. చివరికి జియా టాన్‌కు హక్కులు దక్కాయి, విడుదల చేసే హక్కుతో సహా. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో దొంగ తలుపు ఉంది.

అది బయటపడిన తీరు చూడండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ వేరే ఏదో కొలుస్తుంటే, తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! ఇంకెవరైనా అయితే నెట్ నెమ్మదిగా ఉందనుకునేవారు. ఆయన ఊరుకోలేక తవ్వుకుంటూ పోయాడు. ఆయన ఎక్స్‌జడ్‌కు మెయింటైనర్ కాడు, రివ్యూయరూ కాడు. దారిన పోతూ బండి చివర పొగ చూసినవాడు.

అంతకంటే నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇంకోటి. ఆ దొంగ సరుకు సగం పరీక్షల కోసం పెట్టిన ఫైళ్ళలో దాక్కుంది, దాన్ని నిద్ర లేపే ముక్క విడుదల కట్టలో మాత్రమే ఉంది. అందరూ చూసే కోడు భాండారంలో ఆ ముక్క లేదు. అంటే ఎంతమంది కళ్ళు ఆ కోడు చదివినా అది కనపడదు. కోడు కలిపే హక్కు, విడుదల కట్టే హక్కు ఒకే చేతిలో పడ్డ చోటే ఈ పని సాధ్యమైంది. జియా టాన్ పేరు వెనక ఎవరున్నారో ఇవాళ్టికీ లోకానికి తెలీదు. మా మిత్రుడి జాబితా లాంటిదే ఎక్స్‌జడ్‌కు వేసివుంటే మాత్రం, ఆ పేరు పై వరుసలోనే కనపడేది.

దొంగలే రావాలని లేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అన్న లోపం వెనక దొంగ ఎవరూ లేరు. బ్యాంకుల నుంచి ఈమెయిళ్ళ దాకా అన్నిటినీ రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోకి ఆ తప్పు చేరింది 2011 డిసెంబరు 31న. రాసింది జర్మనీలో డాక్టరేటు చేస్తున్న ఒక విద్యార్థి, చదివి సరే అన్నది ఒకే ఒక్క రివ్యూయర్. అవతలివాడు చెప్పిన పొడవు నిజమో కాదో చూసుకోవాలన్న ఒక్క తనిఖీ ఇద్దరి కళ్ళూ తప్పించుకుంది. సగం లోకం వాడుకుంటున్న ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2 వేల డాలర్లు. మన దగ్గర ఓ మోస్తరు పెళ్ళిలో పూల అలంకరణకు అంతకంటే ఎక్కువే అవుతుంది. ఆ ఇద్దరినీ తిట్టినవాళ్ళలో ఎందరు అంతకు ముందు ఆ కోడు తెరిచి చూశారన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మా జాబితాకు వస్తాను. జాబితాలో లేని ఒకాయన గురించి చెప్పాలి.

విజయవాడలో ఓ ప్రెస్సులో పేజ్‌మేకర్ మీద దశాబ్దాలు డీటీపీ చేసిన పెద్దాయన ఆయన. కోడు ఒక్క ముక్క రాదు. మా పనిముట్టు వాడుకుని, తప్పు కనపడ్డప్పుడల్లా ఫోన్లో ఫొటో తీసి పంపేవాడు. అను ఫాంట్ల సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు: అందులో అక్షరం అన్నది ఉండదు, అక్షరపు ముక్కలుంటాయి. ఏ ముక్క కంటికి ఎక్కడ కనపడాలో ఆ వరుసలో టైపు చేసుకుంటూ పోతారు. 'స్త్రీ' రాయాలంటే 'సీ' ఆకారం పెట్టి, దానికి తావత్తు, రావత్తు తగిలిస్తారు. యూనికోడ్ వరుస వేరు. స, త, ర, వాటి మధ్య పొల్లులు, చివర దీర్ఘం. ఒకదాన్నుంచి రెండోదానికి రావాలంటే ఏ ఒత్తు ఏ హల్లుదో, ఏ గుణింతం ఎక్కడికి జరగాలో పట్టుకోవాలి. ఒక మాట సరిచేస్తే పది మాటలు చెడతాయి.

ఒకసారి మా జాబితాలో మొదటి పేరున్న కుర్రాడు శుభ్రం చేసే మార్పు ఒకటి పంపాడు. చక్కగా రాశాడు. కంటికి కనపడని పనికిరాని గుర్తులన్నీ తీసేస్తుంది, ఫైలు చిన్నదవుతుంది, పరీక్షలన్నీ పాసయ్యాయి. ఇద్దరు కోడర్లు చూసి భేష్ అన్నారు. పెద్దాయన ప్రయోగానికని పెట్టిన వెర్షన్‌లో ఒక పేజీ మార్చి చూసి ఫోన్ చేశాడు. “బాబూ, సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వావత్తు వచ్చి పడింది. ఇట్లా ప్రింటు చేస్తే నన్ను ప్రెస్సులోంచి గెంటేస్తారు.” ఆ కనపడని గుర్తుల్లో, పొల్లును పొల్లుగా నిలబెట్టి పక్క హల్లుతో అతుక్కోకుండా ఆపే గుర్తు కూడా ఉంది. శుభ్రంలో అదీ కొట్టుకుపోయింది.

ఇలాంటి కనపడని గుర్తులతో చెలగాటం ఏమిటో 2018 ఫిబ్రవరిలో పెద్ద కంపెనీకే తెలిసొచ్చింది. 'జ్ఞా' అక్షరం మధ్యలో సరిగ్గా ఈ గుర్తే ఇరుక్కున్న ఒక తెలుగు కూర్పు సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లో దాన్ని తెరిచిన యాప్ కూలిపోయేది. ప్రపంచమంతా ఆకతాయిలు దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సర్దింది. తెలుగు అక్షరం అన్ని దేశాల వార్తల్లోకి ఎక్కిన అరుదైన సందర్భం, ఆ పద్ధతిలో ఎక్కివుండాల్సింది కాదు. ఇటు ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు ఒత్తులను కుదురుగా కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్‌ను ముందుండి నడిపించింది ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్. మన భాషల లిపులకు ఆయన పరీక్ష పెట్టిన పద్ధతి నాకు నచ్చింది. మాటల జాబితాలు భారీగా పోగేసి, మైక్రోసాఫ్ట్ యంత్రం ఇచ్చే కూర్పుతో పోల్చి, ఎక్కడెక్కడ తేడా వస్తోందో చూసుకుంటూ పోయాడు. పుట్టి పెరిగిన భాష కాని చోట పనిచేసే మెయింటైనర్ అంత జాగ్రత్త పడుతుంటే, తెలుగు వచ్చిన మనకు ఓ తెలుగు చదువరి సలహా అక్కర్లేదనిపించడం విచిత్రం.

పెద్దాయన పేరు జాబితాలో ఎందుకు లేదు? ఆయన రాసిన లైన్లు సున్నా కాబట్టి. ఆపిన తప్పులకు లెక్క ఎక్కడా ఉండదు. జరగని ప్రమాదాన్ని ఏ రిజిస్టరులో రాస్తారు?

లినక్స్ కెర్నెల్‌తో పాటు మెయింటైనర్స్ అని ఒక ఫైలు వస్తుంది. ఏ విభాగాన్ని ఎవరు చూస్తున్నారో అందులో ఉంటుంది. మెయింటైనర్ పేరుకు ఒక గుర్తు, రివ్యూయర్ పేరుకు వేరే గుర్తు. రెండూ వేరు వేరు పనులని ఒప్పుకున్న ఫైలు అది. చూసేవాళ్ళే లేని విభాగానికి అనాథ అని కూడా అందులో మొహమాటం లేకుండా రాసేస్తారు. మనం అంత నిజాయితీగా ఉండలేం. పదేళ్ళుగా ఎవరూ తొంగిచూడని పనికి కూడా గౌరవ సలహాదారుల పేర్లు వరసగా అచ్చేస్తాం.

రివ్యూయర్ని ఎంచడానికి నేను చూసేది ఒకటే: వద్దు అని ఎలా చెబుతాడు. అపాచీ సంస్థ ప్రాజెక్టుల్లో కోడు మార్పును ఓటున్న ఒక్కడు కూడా అడ్డుకోవచ్చు, కానీ సాంకేతిక కారణం చూపించాలి. కారణం లేని అడ్డు చెల్లదు. ఈ నియమం చదివినప్పుడు మన ఊళ్ళలో చూసిన ఎన్ని మీటింగులు గుర్తొచ్చాయో! మనలో చాలామంది వద్దు అని చెప్పరు. చూద్దాంలే అంటారు, ఆ చూద్దాం కింద మార్పు నెలల తరబడి పడివుంటుంది, పంపినవాడు విసిగి వెళ్ళిపోతాడు. ఇంకొందరు వద్దు అనే అంటారు గానీ మార్పును వదిలి మనిషిని పట్టుకుంటారు. ఈ రెండు రకాలూ లేనివాడు దొరికితే, ఏ కాలేజీలో చదివాడో అడక్కుండా కూర్చోబెట్టేయొచ్చు.

మెయింటైనర్ సంగతి కొంచెం వేరు. అక్కడ చేతిలో అధికారం ఉంటుంది కాబట్టి, మంచివాడా కాదా అని మథనపడటం కంటే, మంచివాడు కాకపోయినా ఎంత నష్టం చేయగలడు అని ముందే కొలుచుకోవడం మేలు. ఈ తెలివి పెద్ద ప్రాజెక్టులకు దెబ్బలు తిన్నాకే వచ్చింది. పైథాన్ భాషను పుట్టించిన గైడో వాన్ రోసమ్ 2018 జులైలో ఒక చిన్న వ్యాకరణ మార్పు మీద జరిగిన రభసతో అలిసిపోయి పెద్దరికం వదులుకున్నాడు. తన వారసుణ్ణి మాత్రం చెప్పలేదు. మిగిలినవాళ్ళు కూర్చుని అయిదుగురి మండలి పెట్టుకున్నారు, ఓటుతో. ఆ అయిదుగురిలో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు. కోర్ డెవలపర్‌గా కొత్తగా ఒకరిని తీసుకోవాలంటే ఉన్నవాళ్ళ ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. కంపెనీ అన్న మాట తీసి ఊరు, కులం, కాలేజీ బ్యాచీ అన్న మాటలు పెట్టుకుంటే ఆ ఇద్దరి నియమం మన సంఘాలకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఎవరూ పెట్టుకోరనుకోండి.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా మనకు దగ్గరి ఉదాహరణ. అక్కడ నిర్వాహకుడు కావాలంటే పేరు అందరి ముందూ పెట్టాలి. తోటి వాడుకరులు మద్దతో అభ్యంతరమో కారణంతో రాస్తారు. అంతా బహిరంగం, ఏళ్ళ తర్వాత కూడా ఎవరు ఏమన్నారో చదువుకోవచ్చు. 2018 ఆగస్టులో అన్ని భాషల వికీపీడియాలకూ ఇంకో కట్టుదిట్టం వచ్చింది. చదివే ప్రతివాడి బ్రౌజరులోనూ నడిచే స్క్రిప్టులను మార్చే హక్కును మామూలు నిర్వాహకుల నుంచి తీసేసి, అంతర్వర్తి నిర్వాహకులన్న వేరే గుంపుకు మాత్రమే ఉంచారు. నిర్వాహకుల మీద అనుమానం వచ్చి చేసిన పని కాదది. ఒక్క ఖాతా పాస్‌వర్డు దొంగచేతిలో పడితే లక్షల మంది మీద పడుతుందన్న లెక్క. ఎక్స్‌జడ్‌లో లేనిది సరిగ్గా ఈ విభజనే.

ఇక దిగిపోవడం. మనకు చేతకానిది ఇదే. డెబియన్‌లో పనిలో కనపడకుండా పోయిన డెవలపర్ల ఆచూకీ తీయడానికే ఒక బృందం ఉంది. ఉన్నావా, చేస్తావా, లేకపోతే నీ ప్యాకేజీలు ఇంకొకరికి ఇవ్వమంటావా అని మర్యాదగా అడుగుతారు. సొంత నియమం పెట్టుకోని వికీల్లో, రెండేళ్ళు ఏ పనీ చేయని నిర్వాహకుల హక్కులను, వాళ్ళకు ముందు కబురు చేసి, పక్కన పెడతారు. ఎవరూ దాన్ని అవమానమనుకోరు. ఎల్లార్ గడువు తీరిన లోకో పైలట్ కూడా అనుకోడు, మళ్ళీ ఇంజనెక్కి దారి చూసుకుంటాడు. మనకు మాత్రం ఒకసారి ఇచ్చిన పదవి తీసుకోవాలంటే సన్మానమైనా చేయాలి, తగాదా అయినా పెట్టుకోవాలి. అందుకే మేం చేసింది ఏమిటంటే, హక్కులు ఇచ్చే రోజునే వాటికి ఏడాది గడువు రాసేశాం. గడువు తీరాక కొనసాగుతాను అని ఎవరికి వాళ్ళు చెప్పాలి. చెప్పకపోతే హక్కు దానంతటదే పోతుంది, అడిగే మొహమాటం ఎవరికీ ఉండదు. పాతవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది, నాతో సహా.

జాబితాలో మొదటి పేరున్న కుర్రాడికి మెయింటైనర్ హక్కు ఇవ్వలేదు. చురుకైనవాడు, మా అందరికంటే వేగంగా రాస్తాడు. కానీ ఇంకొకరి మార్పును కూర్చుని చదవడం అతనికి శిక్ష. హక్కు వెళ్ళింది జాబితాలో చాలా కిందున్న ఒకావిడకు. ఆవిడ రాసింది తక్కువ. ఓసారి అందరూ బాగుందన్న తన మార్పును, పాత పుస్తకాల అరసున్నాలు పోతున్నాయని తనే గమనించి వెనక్కి తీసుకుంది. నా ఓటు అక్కడే పడిపోయింది. రెండో స్థానం ఖాళీగానే ఉంచాం. విడుదల కట్టడానికి మాత్రం ఇకనుంచి ఇద్దరి సంతకాలు కావాలి. విజయవాడ పెద్దాయన పేరు రివ్యూయర్ల వరుసలో చేరింది. తెలుగు కనపడే తీరును మార్చే ఏ కోడైనా ఆయన చూసి సరే అనకుండా లోపలికి పోదు. కోడు రానివాడికి వీటో ఏమిటని ఇద్దరు సణిగారు. కుర్రాడు అలిగాడు. అలక ఇంకా తీరలేదు గానీ, మార్పులు పంపడం మానలేదు. ఈమధ్య పంపినవి పెద్దాయన సరే లేకుండా ముందుకు పోవడంలేదని విసుక్కుంటున్నాడు కూడా. విసుక్కోనివ్వండి.

సంగతంతా విని నాన్న అడిగింది ఒకటే. ఆ పెద్దాయనకు ఏమన్నా అయితే ఎర్రజెండా ఎవరు ఊపుతారు అని.

నిజంగానే ఇంకెవరూ లేరు. అను ఫాంట్ల ముక్కలు చేతివేళ్ళకు కంఠస్థమైన తరం పెద్దదైపోతోంది. ప్రెస్సులు మూతపడ్డాయి, చాలామంది వేరే పనులు చూసుకున్నారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పేజ్‌మేకర్ మీద తెలుగు పేజీలు కట్టినవాళ్ళుంటే, పుస్తకాలకు ప్రూఫులు దిద్దినవాళ్ళుంటే, ఏదో ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వైపు పంపండి. మాదే కానక్కర్లేదు. కోడు రానక్కర్లేదు. అచ్చుతప్పు కంటపడితే ఊరుకోలేని మనిషైతే చాలు.